పిల్లికి రెండు కవళ్ళు

జూన్ 3. నీరు పాత సినిమా హాలు గేటు దాకా.

పన్ను సలహాదారుగా లైసెన్సు ఉన్న ప్రతివాళ్ళూ రోజువారీ నమోదు పుస్తకం రాయాలని, సముద్రాన్ని ఆపే గట్టు కోసం పన్ను వసూలుచేసే గట్టు ఆఫీసు రూలు. ఎవరొచ్చారు, ఏమడిగారు, మనం ఏం చెప్పాం. ఏడాది చివర తీసుకెళ్ళి చదువుతారట. చదివినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఇన్నేళ్ళూ పొడిపొడిగా రాసి పారేశాను. ఈ ఏడు మాత్రం మనసులో ఉన్నది ఉన్నట్టు రాద్దామనుకుంటున్నాను. ఎవరైనా చదివి మండిపడితే మంచిదే, కనీసం చదివారని తెలుస్తుంది.

ఈ ఊళ్ళో పంపుల మోతకి ఎవరికీ నిద్ర చెడదు, మోత ఆగితేనే మెలకువ వస్తుంది. తెల్లవారగట్ల ఒకసారి ఆగింది. నేను లేచి కూర్చునేలోపే మళ్ళీ అందుకుంది. ఇక పడుకోబుద్ధి కాక కిటికీ అద్దం మీద పేరుకున్న ఉప్పు తుడిచాను, చెమ్మకి మెత్తబడ్డ రసీదులు తాడు మీద ఆరేశాను. నా పిల్లి పేరు కూడా రసీదే. పసికూనగా ఉన్నప్పుడు ఒక వడ్రంగి ఏడాది రసీదులన్నీ పీలికలు చేసి వాటి మీదే పడుకుంది, ఆ పేరు ఉండిపోయింది.

మొదట వచ్చిన మనిషి ఇడ్లీ బండి సత్తిరాజు. ఇంట్లో వాడిన మినప్పప్పూ బండి మీద వాడిందీ ఒకే పద్దులో రాసి జోడీకి దొరికిపోయాడు. జోడీ అంటే గట్టు ఆఫీసు యంత్రం. ఊళ్ళో ఎవరైనా ఫలానాది పుచ్చుకున్నామని రాస్తే, దాన్ని ఇచ్చామని రాసినవాళ్ళెవరో వెతికి పక్కన నిలబెట్టడం దాని పని. జత కుదరకపోతే నోటీసు ఇస్తుంది.

"భయపడకు," అన్నాను. "నోటీసంటే నువ్వు దొంగవని కాదు, అడుగుతున్నారని. జవాబివ్వకుండా ఊరుకుంటే మాత్రం ఒప్పుకున్నట్టే. విచారణ తేదీ లోపల నీ లెక్క నువ్వే సవరించుకో. విచారణ గదిలో ఆ కాగితం బల్ల మీదికెక్కిందంటే ఇక నువ్వు ముట్టుకోవడానికి లేదు."

"మరి ఇంట్లో తిన్నదండీ?"

"సొంతానికి వాడుకున్న సరుకు అని వేరే గడి ఉంది, అందులో వెయ్యాలి. ఇంటికో డబ్బా, బండికో డబ్బా పెట్టుకోమని పోయినేడే చెప్పానా లేదా?"

"పెట్టానండి. మా ఆవిడ రెండిట్లోంచీ తీస్తాదండి."

వాడు గుమ్మం దాటబోతుంటే ఆపి, బండి రిపేరుకి పెట్టిన ఖర్చు కూడా ఆదాయంలోంచి తగ్గుతుందని, మేస్త్రీ దగ్గర చీటీ తీసుకోమని చెప్పాను. అది వాడు అడగలేదు, నేను డబ్బూ తీసుకోలేదు. గుమ్మం దగ్గర ఇంకో మాట చెప్పి పంపడం నా అలవాటు.

మధ్యాహ్నం నా సొంత రిటర్ను పూర్తిచేశాను. ఇతర రాబడి గడిలో ఏటా రాసే వాక్యమే రాశాను: చేపల దుకాణం మైలపల్లి పోలమ్మ వారం వారం తూకం పైన కొసరుగా వేసిన కవళ్ళు, వారానికి రెండు. కవళ్ళనే ఆ చిన్న చేపలు నిజానికి పోలమ్మ నా పిల్లికని వేస్తుంది. కాని పిల్లికి పన్ను నంబరు లేదు. కనుక చట్టప్రకారం పుచ్చుకున్నది నేనే. ఈ గడి గురించి తోటి సలహాదార్లు నన్ను ఏడిపించని రోజు లేదు. ఏడిపించనీ. జోడీ ఇన్నేళ్ళలో నా లెక్కలో ఒక్క తప్పు పట్టుకోలేకపోయింది, వాళ్ళలో ఎవరు చెప్పగలరు ఆ మాట.

ఇదివరకు ఇంత చిన్న రాబడికి జోడీ జత వెతికేది కాదు. తూర్పు గట్టు బీటలిచ్చాక, పంపులకు డబ్బు చాలక, ఆ చిల్లర మినహాయింపు ఎత్తేశారు. ఆ సంగతి నా దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ నేనే చెబుతున్నాను. గట్టు నిలబడాలంటే అందరూ కట్టాలి. నాకా విషయంలో అనుమానం లేదు.

జూన్ 8. నీరు అక్కడే.

ఆదివారం సంత. ఊళ్ళో ఎత్తున ఉన్న మిద్దె వరస వసారాలో పోలమ్మ దుకాణం ముందు ఎప్పటిలాగే గుంపు. గట్టు బయట వేటాడి తెచ్చిన చేపలు ఆమె ఒక్కదాని దగ్గరే దొరుకుతాయి. మిగతావాళ్ళవన్నీ తొట్టి చేపలే, నాచు కంపు.

ఆమె తూచే తీరు చూడటానికే నేను కాస్త వెనకగా నిలబడతాను. ముల్లు సరిగ్గా నిలుస్తుంది. డబ్బు చేతులు మారుతుంది. కాని కొన్నవాళ్ళు కదలరు, సంచీ మూయరు. పోలమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగి, ఎదుటి మనిషి ముఖం చూసి, మళ్ళీ బుట్టలోకి వెళ్తుంది. నెలలు నిండుతున్న నూకాలుకి గుప్పెడు. పళ్ళు లేని మునసబు తాతకి పులుసులోకి ఒక తలకాయ. సంచీ ఎంత చిన్నదైతే కొసరు అంత పెద్దది. ఆ కొసరు పడ్డాకే అమ్మకం అయినట్టు లెక్క. అది వెయ్యకుండా సంచీ ఇస్తే ఈ ఊళ్ళో తిట్టినదానికంటే ఎక్కువ.

"ఇదిగోమ్మా, నీ పిల్లముండకి," అంటూ నా సంచీలో రెండు కవళ్ళు వేసింది.

వెనక బల్ల మీద ఆమె పెనిమిటి ఎర్రయ్య కూర్చుని వల ముళ్ళు విప్పుతున్నాడు. పంపు హౌసులో బురద తోడే పనిలో ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. రెండు ముళ్ళు విప్పి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెడతాడు. పొడిగా ఉన్న గదిలో ఉంచినంతకాలం ఫరవాలేదని డాక్టరు చెప్పాడట. వాళ్ళది మిద్దె వరసలో ఎండ తగిలే గది, ఆ విషయంలో అదృష్టవంతులే.

జులై 1. నీరు సినిమా హాలు టిక్కెట్ల కిటికీ దాకా.

పోలమ్మ నా గదికి రావడం ఇదే మొదలు. బుట్ట లేకుండా ఆమెను చూడటమూ ఇదే మొదలు. నోటీసు తడవకుండా ప్లాస్టిక్ సంచీలో చుట్టి, కొంగులో పెట్టి తెచ్చింది.

మొదటి వాక్యంలోనే నా పేరుంది. సలహాదారు కె. కాత్యాయని తన రిటర్నులో పుచ్చుకున్నట్టు చూపిన కొసరుకు, ఇచ్చినట్టు మీ లెక్కలో జత లేదు, అని. అక్కణ్ణించి యంత్రం తన తెలివి చూపించుకుంది. నా పాత రిటర్నులన్నీ తిరగేసింది. ఒక మనిషికి తూకం మీద ఇంత వేస్తే అందరికీ అంతే వేసి ఉంటుందని తేల్చి, పోలమ్మ దుకాణం పెట్టిన నాటి నుంచి అమ్మిన ప్రతి కిలోకీ ఆ వంతు కలిపి, అదంతా దాచిన అమ్మకం అంది. విచారణలో దాచినట్టు ఖాయమైతే ఫైలు ఎర్రబడుతుంది. ఎర్ర ఫైలు కుటుంబానికి మిద్దె వరసలో చోటుండదు, గది ఖాళీ చేసి అడుగు వరసకి దిగాలి. అక్కడ గోడలు ఏడాది పొడుగునా చెమరుస్తూనే ఉంటాయి. ఎర్రయ్య అక్కడ ఎన్నాళ్ళుంటాడో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

"దీంట్లో నా పేరుంది పోలమ్మా," అన్నాను.

"ఉన్నాదని నూకాలు సదివి సెప్పింది. అందుకే ఇంకెవుల కాడికీ ఎల్లకుండా నీ కాడికొచ్చినాను. రాసిందానివి నువ్వే కదమ్మా, నువ్వే కొట్టీ."

"కొట్టేస్తే అది అబద్ధపు రిటర్ను అవుతుంది. నేను పుచ్చుకున్న మాట నిజమే కదా."

"నువ్వు పుచ్చుకున్నావేటి? తిన్నాది పిల్లి."

"చట్టానికి పిల్లి కనపడదు."

"నాకు చట్టం కనపడదు, పిల్లే కనపడతాది." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వూ గుమ్మం కాడ ఆపి ఓ మాట కొసరు సెప్తావు. మా మావ నీ కాడికొచ్చినప్పుడు పింఛను కాయితం సంగతి అలగే సెప్పినావు. దాన్ని నానెక్కడైనా రాసుకున్నానేటి?"

జవాబు దొరకనప్పుడు నేను చేసే పనే చేశాను, లేచి చట్టం పుస్తకం తీశాను. అబద్ధం ఆడక్కర్లేకుండానే దారి ఉంటుందని, నేను చూసుకుంటానని చెప్పాను. నమ్మింది. నా మాట నమ్మనివాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరు. వెళ్ళేముందు రసీదు తల నిమిరి, "నీ వల్లేనే ముండా," అని నవ్వింది. ఆ నవ్వు నాకు రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

జులై 9. నీరు తగ్గలేదు.

దారి దొరికింది.

చిన్న వ్యాపారులు తెలియక నష్టపోయే విషయాల్లో ఇదొకటి, కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను. అమ్మేవాడు ధరలోనో తూకంలోనో ఇచ్చే తగ్గింపు వాడి ఆదాయం కాదు. దాన్ని దాచిన అమ్మకం అనడానికి లేదు. ఆ తగ్గింపు ఆ వ్యాపారంలో ఆనవాయితీ అని చూపించగలిగితే చాలు. కొసరు కంటే పెద్ద ఆనవాయితీ ఈ ఊళ్ళో ఇంకేముంది? కూరల బండి నుంచి జీళ్ళ దుకాణం దాకా అందరూ వేసేదే. పదిమంది దుకాణదార్ల చేత వాంగ్మూలాలు రాయించాను. పాత సంత పంచాయితీల్లో కొసరు వెయ్యనివాడికి జరిమానా వేసిన తీర్పులు కూడా దొరికాయి. ఇంత పకడ్బందీ వాదన నేనెప్పుడూ తయారుచెయ్యలేదు. రాసుకుంటున్నప్పుడు, సిగ్గు విడిచి చెప్పాలంటే, సంతోషంగానే ఉంది.

సాయంత్రం సత్తిరాజు ఇడ్లీ పొట్లం తెచ్చి ఇచ్చాడు. డబ్బు తీసుకోనన్నాడు. బలవంతాన ఇచ్చాను, చీటీ కూడా రాయించాను.

"అంత గొడవెందుకండీ," అన్నాడు నా బల్ల మీది కట్ట చూసి. "ఆ కవళ్ళు డబ్బిచ్చే కొన్నానని రాసేస్తే పోలేదా అండి. విచారణకి ముందైతే దిద్దుకోవచ్చని మీరే చెప్పారు కదండీ."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా ఒక్క తప్పు అంకె వెయ్యని మనిషితో మాట్లాడుతున్నావని గుర్తుపెట్టుకోమన్నాను. అందరూ నీలాగే అనుకుంటే గట్టు ఎప్పుడో కూలిపోయేదని కూడా అన్నాను. వాడు వెళ్ళిపోయాడు. ఆ పూట గుమ్మం దగ్గర ఇంకో మాట చెప్పడం మర్చిపోయాను.

జులై 16. నీరు టిక్కెట్ల కిటికీ మునిగింది.

విచారణ.

గట్టు ఆఫీసు విచారణ గది ఊరంతటిలోకీ పొడిగా ఉండే గది. అక్కడ కాగితం గలగలమంటుంది. పోలమ్మ ఆ చప్పుడుకే బెదిరింది. అధికారి గోవర్ధన్ ముప్పై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. ఆమెకు కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. నా రిటర్ను, పోలమ్మ లెక్క, నా వాదన ఒకదాని పక్కన ఒకటి బల్ల మీద పరిచి, జోడీకి చూపించి, తను కూడా మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"చాలా బాగుంది మేడమ్," అన్నాడు. "కొసరు వ్యాపార తగ్గింపే. నేను ఒప్పుకుంటున్నాను."

నేను పోలమ్మ చెయ్యి నొక్కాను. అప్పుడతను కలం తీసుకుని మామూలుగా అడిగాడు.

"ఎవరెవరికి ఇచ్చారో పేర్లు చెప్పండమ్మా."

"పేర్లేటి బాబూ?"

"తగ్గింపు ఇచ్చినవాళ్ళుంటే పుచ్చుకున్నవాళ్ళు కూడా ఉండాలి కదా. మినహాయింపు ఎత్తేశాక జోడీ రెండు వైపులా అడుగుతుంది. మీరు పేర్లు ఇస్తే మీ ఫైలు తెల్లగానే ఉంటుంది."

"ఆలకి?"

"వాళ్ళు తమ లెక్కలో రాసుకోలేదు కనుక వాళ్ళకి నోటీసులు వెళ్తాయి. అది వేరే విచారణ."

ఆ నిబంధన నాకు తెలుసు. తెలిసి కూడా దాన్ని పోలమ్మ వైపు నుంచే చూశాను. కొన్నవాళ్ళ వైపు నుంచి చూడలేదు, ఎందుకంటే కొన్నవాళ్ళెవరూ నా దగ్గరికి సలహాకి రాలేదు. అప్పటికీ బుద్ధి రాలేదు నాకు. ఆమె చెవి దగ్గరికి వంగి, "చెప్పు పోలమ్మా," అన్నాను. "చట్టంలో దీనికి దోషం లేదు. ఎర్రయ్య గురించి ఆలోచించు."

ఆమె నా వైపు తిరిగి కాసేపు చూసింది. సంతలో కొసరు వెయ్యబోయే ముందు ముఖం చూస్తుందే, అలాగే చూసింది. తరవాత అధికారి వైపు తిరిగింది.

"నూకాలు పేరు సెప్తే నూకాలూ కిందకి దిగాలేటి?"

"ఆవిడ లెక్క ఎలా ఉందో చూడాలమ్మా. ఇప్పుడే చెప్పలేను."

"దానికి నెలలు నిండినాయి బాబూ."

గోవర్ధన్ కలం బల్ల మీద పెట్టి, మళ్ళీ తీశాడు.

"తినమని పెట్టి, తిన్నోల పేర్లు సెప్పమంతారేటి," అంది పోలమ్మ, ఎవరినీ ఉద్దేశించకుండా. "నానెవులికీ ఇవ్వలేదు, రాసుకోండి. మిగిలిందంతా నానే తినీసినాను."

"సలహాదారు గారికి ఇచ్చారు కదా?"

"ఆయమ్మకిచ్చినాను. ఆయమ్మ పేరు ఆయమ్మే రాసీసుకుంది, మరి నానేటి సేస్తాను."

సొంతానికి వాడుకున్న సరుకు, లెక్కలో చూపలేదు. ఆ గడిలో అతను నింపాడు. పోలమ్మ వేలిముద్ర వేసింది. యంత్రం మీద చిన్న దీపం ఎర్రబడింది. నా పది పేజీల వాదన అతను పద్ధతిగా సర్ది నా చేతికే ఇచ్చాడు.

జులై 17.

ఈ పొద్దున నా జీవితంలో మొదటి అబద్ధపు రిటర్ను వేశాను. సదరు కవళ్ళు డబ్బిచ్చి కొన్నవేనని, పొరపాటున కొసరు అని రాశానని, సవరించవలసిందని. నా రిటర్నులో ఆ వాక్యం లేకపోతే ఆమె మీద నోటీసుకు ఆధారమే ఉండదు. లైసెన్సు పోతే పోనీ అనుకున్నాను. ఆ మాట అనుకోవడానికి నాకు పదహారు రోజులు పట్టింది.

జోడీ జవాబు వెంటనే వచ్చింది. విచారణలో ఆధారంగా చూపిన రిటర్నును సవరించడానికి వీల్లేదు. కింద, అందరికీ పంపే వాక్యం: మీ నిజాయితీకి గట్టు ఆఫీసు కృతజ్ఞతలు.

మొన్నటిదాకా కుదిరేది. నిన్న పొద్దున ఆ గదిలోకి అడుగుపెట్టేదాకా కుదిరేది. ఆమె మెట్లెక్కి వచ్చి, నువ్వే కొట్టీ అన్న రోజున ఒక్క గీత గీస్తే అయిపోయేది. ఇడ్లీలమ్ముకునే సత్తిరాజు చెప్పాడు. వాడికి చెప్పింది నేను. ఆ పోలమ్మను చెయ్యి పట్టుకుని విచారణ గదికి నడిపించుకెళ్ళిందీ నేనే. నా మీద నాకు ఎంత అసహ్యంగా ఉందంటే, ఇంకొకరి మీదైతే ఇంత అసహ్యం పెట్టుకోవడం నావల్ల అయ్యేది కాదు.

ఆగస్టు 2. నీరు తగ్గుముఖం.

పోలమ్మ సామాను దించేశారు. నేనూ వెళ్ళాను. సాయం చెయ్యడానికి వెళ్ళానని రాయాలని ఉంది, కాని వెళ్ళకపోతే ఇంట్లో ఉండలేక వెళ్ళాను.

వరసలోని ఆడవాళ్ళంతా తలా ఒక గిన్నె, తలా ఒక మూట పట్టుకున్నారు. నూకాలు చంకలో వారం బిడ్డ. నన్ను చూసి అంతా కాస్త పక్కకి జరిగి దారిచ్చారు. పెద్ద అధికారులు వస్తే అలా జరుగుతారు. నేను కవ్వం ఒకటి చేతిలోకి తీసుకున్నాను. పోలమ్మ వచ్చి నెమ్మదిగా దాన్ని నా చేతిలోంచి తీసుకుంది.

"మీకెందుకమ్మా ఈ పన్లు. బట్టలు పాడైపోతాయి."

నువ్వు అనే మనిషి మీరు అంది. ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ మాట వినలేదు.

ఎర్రయ్యను కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు కుర్రాళ్ళు మెట్ల మీంచి మోసుకుపోతున్నారు. నా దగ్గరికొచ్చేసరికి ఆపమని చెయ్యి ఎత్తాడు. ఊపిరి కూడదీసుకుని, "బాగా వాదించినావంటమ్మా," అన్నాడు. "ఆఫీసరే మెచ్చుకున్నాడంట. మా ఆడది సెప్పింది." అతని మాటలో వెటకారం వెతికాను. లేదు. అది ఉన్నా భరించేదాన్ని.

ఊళ్ళోవాళ్ళకి ఇంకో సలహా, లైసెన్సు ఉన్నంతవరకు చెప్పాలి కాబట్టి. ఎవరైనా ప్రేమగా పెట్టింది రాసుకునే ముందు, ఆ రాతకి రెండో కొస ఎవరి ఇంట్లో ఉందో చూసుకోండి. ఇది ఏ చట్టంలోనూ లేదు. అందుకే నాకు తెలియలేదు.

అక్టోబరు 12. నీరు సినిమా హాలు గేటు దాకా.

తూర్పు గట్టు బీట పూడ్చారని ప్రకటన అంటించారు. వసూళ్ళు బాగున్నాయట. పోలమ్మ చేపల వాటా అందులో ఎన్ని చిప్పల సిమెంటు అయిందో ఎవరైనా లెక్క కట్టి చెబితే వినాలని ఉంది. లెక్కలు నాకిష్టం కదా.

చాలా రోజులకి ధైర్యం చేసి అడుగు వరస సంతకి వెళ్ళాను. గోడల మీంచి నీళ్ళు కారుతున్నాయి, జనం గొడుగులు వేసుకుని బేరాలాడుతున్నారు. పోలమ్మ దుకాణం ముందు గుంపు ఎప్పటిలాగే ఉంది. మిద్దె వరస నుంచి కూడా దిగొచ్చి కొంటున్నారు. దుకాణానికి కొత్తగా ఆఫీసు వాళ్ళ తూకం యంత్రం బిగించారు, పైన కెమెరా కన్ను ఉన్నది. ముల్లు సరిగ్గా నిలవగానే చీటీ వస్తుంది.

వెనకగా నిలబడి చూశాను. చీటీ వచ్చాక కూడా ఎవరూ కదలడం లేదు. పోలమ్మ తడి చేతులు తుడుచుకోవడానికన్నట్టు బల్ల కిందికి వంగుతుంది. లేచేటప్పుడు చేతిలో ఆకు పొట్లం ఉంటుంది. సంచీ అందిస్తూ అందిస్తూనే అందులోకి జారవిడుస్తుంది. కన్నుకి అది కనపడదు. మునసబు తాతకి పడింది. నూకాలుకి పడింది, బాలింతకి పెట్టే చిన్న సొర పిల్లలు కాబోలు. సత్తిరాజుకి కూడా పడింది.

తెర వెనక నుంచి దగ్గు వినపడుతూనే ఉంది. అది ఎర్రయ్యదే. ఒక దగ్గుకీ ఇంకో దగ్గుకీ మధ్య ముడి విప్పేంత వ్యవధి లేదు.

నా వంతు వచ్చింది. అరకిలో కవళ్ళు అడిగాను. ముల్లు నిలిచింది. చీటీ వచ్చింది. డబ్బిచ్చాను. అందరిలాగే నేనూ సంచీ మూయకుండా నిలబడ్డాను. అది కావాలని చెయ్యలేదు, కాళ్ళకి ఆ అలవాటు ఉండిపోయింది.

పోలమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నా ముఖం చూసింది. తరవాత సంచీ మూతి తనే మెలిపెట్టి నా చేతికిచ్చింది.

"సరిగ్గా ఉన్నాదండీ, సూసుకోండి."

"పిల్లి ఎదురుచూస్తుంది పోలమ్మా," అన్నాను. అడుక్కున్నట్టే అన్నాను.

"మీకు రాసుకునే అలవాటున్నాది కదమ్మా," అంది. కోపంగా కాదు. ఒక మనిషికి ఏదో పడదని తెలిసి పెట్టనివాళ్ళు ఎలా చెబుతారో అలా చెప్పింది. నా వెనకవాళ్ళు ముందుకి జరిగారు.

ఇంటికొచ్చాక రసీదు సంచీ చుట్టూ తిరిగింది. నా వాటాలోంచి రెండు తీసి వేశాను. అవి కొన్నవి. తిన్నది పిల్లే.

మే 30. నీరు గేటు కింద.

ఈ పుస్తకం రేపు ఆఫీసుకి వెళ్తుంది. జనవరిలో ఎర్రయ్య పోయాడు. ఆ రోజు నేను అడుగు వరసకి వెళ్ళి దూరంగా నిలబడి వచ్చేశాను. వెళ్ళానని మాత్రం రాస్తున్నాను.

ఈ ఏడు నా దగ్గరికొచ్చేవాళ్ళు తగ్గలేదు. సలహా అడుగుతారు, ఫీజు ఇస్తారు, చీటీ తీసుకుని లేస్తారు. గుమ్మం దగ్గర నేను ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టి, వద్దండీ, మళ్ళీ ఎందుకండీ, అంటారు. సత్తిరాజు ఇడ్లీ పొట్లం తేవడం మానేశాడు. వాడి పెళ్ళాం ఇప్పుడు ఒకే డబ్బాలోంచి తీస్తుందట.

మధ్యాహ్నం నా రిటర్ను వేశాను. ఇతర రాబడి గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఏడాదంతా వెనక్కి తిరగేసుకున్నాను, ఎవరైనా ఎక్కడైనా ఒక కరివేపాకు రెబ్బ వేశారేమోనని. సున్నా వేశాను. జోడీ ఒక్క ప్రశ్నయినా అడక్కుండా తీసుకుంది.